ఒక్క పాయింటు తక్కువ

ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో వచ్చినా పోయేదేమీ లేదు. వచ్చే ఏడు మళ్ళీ అదే లీగు, అదే హడావిడి. ఇంగ్లండు ఫుట్‌బాల్లో ఆ పప్పులుడకవు. ప్రీమియర్ లీగులో అడుగున ఉన్న మూడు టీములూ కింది డివిజనుకి పోవాల్సిందే. అలా పోయినవాళ్ళలో నాకెప్పుడూ గుర్తొచ్చేది బ్లాక్‌పూల్.

సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, నారింజ రంగు చొక్కాలు. 1953లో స్టాన్లీ మాథ్యూస్ ఆడిన ఫైనల్లో ఎఫ్.ఏ. కప్పు గెలిచిన క్లబ్బే. కానీ 1971లో పై డివిజను నుంచి జారితే మళ్ళీ ఎక్కడానికి 39 ఏళ్ళు పట్టింది. 2010 మే 22న వెంబ్లీలో కార్డిఫ్‌ని 3-2తో ఓడించి ప్రీమియర్ లీగులో అడుగుపెట్టారు.

మొదటి మ్యాచులోనే విగాన్ మీద 4-0! లివర్‌పూల్‌ని వాళ్ళ గ్రౌండులోనూ, తమ గ్రౌండులోనూ ఓడించారు. మేనేజరు ఇయాన్ హాలోవేది ఒకటే సిద్ధాంతం, ముందుకెళ్ళి కొట్టడం. సీజను మొత్తంలో 55 గోల్స్ కొట్టారు. ఐదో స్థానంలో వచ్చిన టాటెన్‌హామ్ కొట్టినవీ సరిగ్గా అన్నే. కాకపోతే మనవాళ్ళు తిన్నవి 78, లీగులో అందరికన్నా ఎక్కువ :)

2011 జనవరి 12న లివర్‌పూల్ మీద రెండో గెలుపుతో మొత్తం ఎనిమిది విజయాలు. ఆ తర్వాత నాలుగు నెలల్లో వచ్చినవి రెండే.

ఆఖరి మ్యాచు 2011 మే 22న, వెంబ్లీ గెలుపుకి సరిగ్గా ఏడాదికి. ఓల్డ్ ట్రాఫర్డులో, అప్పటికే ఛాంపియన్లయిన మాంచెస్టర్ యునైటెడ్ మీద. ఒక దశలో 2-1 ఆధిక్యం. చివరికి 4-2తో ఓటమి, అందులో ఒకటి సొంత గోలు. 40 పాయింట్లతో వుల్వ్స్ బతికిపోయింది. 39తో బ్లాక్‌పూల్ దిగిపోయింది.

కథ ఇక్కడితో అయిపోతే వీరమరణం అనుకుని వదిలేసేవాణ్ణి. ప్రీమియర్ లీగులో ఒక్క ఏడాది ఆడినా చిన్న క్లబ్బుకి టీవీ డబ్బు కోట్ల పౌండ్లలో వస్తుంది. దిగిపోయాక కూడా కొన్నేళ్ళు పారాచూట్ పేమెంట్లుంటాయి. దాంతో మళ్ళీ నిలదొక్కుకోవచ్చు. బ్లాక్‌పూల్ మాత్రం 2016 కల్లా నాలుగో డివిజనుకి పడిపోయింది. మరి డబ్బేమైంది? యజమాని ఓయెన్ ఆయిస్టన్ కుటుంబం క్లబ్బు సొమ్ముని అన్యాయంగా బయటికి లాగేసిందని 2017 నవంబరులో లండన్ హైకోర్టు తేల్చింది. వాటాదారు వలేరి బెలోకాన్‌కి 3 కోట్ల పౌండ్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది.

అభిమానులు ఏళ్ళ తరబడి స్టేడియాన్ని బహిష్కరించారు. సొంత టీము ఆడుతుంటే బయట నిలబడటం ఎంత కష్టమో ఆలోచించండి. కోర్టు రిసీవరుని పెట్టాక, 2019 మార్చి 9న 15,871 మంది తిరిగొచ్చారు. అదే ఏడాది జూన్‌లో ఆ ఊళ్ళో పుట్టిన సైమన్ శాడ్లర్ క్లబ్బుని కొన్నాడు.

ఇంతకీ ఓల్డ్ ట్రాఫర్డులో ఆ ఆధిక్యం నిలిచుంటే వీళ్ళ రాత మారేదా? నాకైతే అనుమానమే. మహా అయితే ఇంకో ఏడాది టీవీ డబ్బొచ్చేది. అదెవరి జేబులోకి వెళ్ళేదో మీకు చెప్పక్కర్లేదు.