గాటు ఎటువైపుంది?

వాసన వస్తోంది. మోటారుకి కలపాల్సిన 12 వోల్టుల తీగ జారి, ఆర్డుయినో ఊనో బోర్డు మీద 8వ పిన్‌కి తగిలింది. చిప్ మీద వేలు పెడతారు. చురుక్కుమంటుంది. పీకేయండి. ముందు మోటారు సప్లై. తర్వాత యూఎస్‌బీ వైరు.

బోర్డును లైటు కిందికి జరపండి. పొడవాటి నల్ల చిప్, అటు 14, ఇటు 14 కాళ్లు. అదే ఏటీమెగా328పీ, మీ ప్రోగ్రామును నడిపేది. ఇక్కడ 5 వోల్టులతో పనిచేస్తుంది, 12 వోల్టులను తట్టుకోలేదు. కానీ దగ్గరగా చూడండి. దాని కాళ్లు బోర్డుకి టంకం పెట్టి లేవు, సాకెట్‌లో దిగి ఉన్నాయి. అంటే బోర్డును పారేయక్కర్లేదు.

సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకోండి. చిప్‌కీ సాకెట్‌కీ మధ్య దూర్చండి. సాకెట్ కిందికి పోనిస్తే బోర్డు మీది రాగి గీతలు లేచిపోతాయి. ఈ చివర కొంచెం ఎత్తండి, ఆ చివర కొంచెం. ఒకే వైపు నుంచి లాగితే అవతలి కాళ్లు వంగుతాయి. వచ్చేసింది.

ఇప్పుడు ఖాళీ బోర్డునే కంప్యూటర్‌కి తగిలించండి. పోర్టు కనిపించిందా? హమ్మయ్య. యూఎస్‌బీ సంగతి చూసే చిన్న చిప్ వేరే ఉంది. దానికి సాకెట్ లేదు. అది బతికింది కాబట్టే ఈ కష్టానికి అర్థం ఉంది. మళ్లీ వైరు తీసేయండి.

కొత్త చిప్‌ని ముట్టుకునే ముందు ఎర్త్ ఉన్న లోహాన్ని తాకండి. ఒంటి మీది స్థిర విద్యుత్తు కూడా చిప్‌ని చంపగలదు. కాళ్లు బయటికి విచ్చుకుని ఉన్నాయి, సాకెట్‌లో పట్టవు. చిప్‌ని పక్కకి తిప్పి, వరస మొత్తాన్ని బల్లకి ఆనించి మెల్లగా వంచండి. రెండో వరసా అంతే.

సాకెట్ మీద పెట్టండి. ఆగండి. గాటు ఎటుంది? చిప్ చివరనున్న గాటు, సాకెట్ గాటు ఒకే వైపు ఉండాలి. తిరగేసి పెడితే గ్రౌండ్ కాళ్లు గ్రౌండ్ మీదే పడతాయి, కానీ 5 వోల్టులు 6, 21 కాళ్లలోకి వెళ్తాయి. చిప్ బతకొచ్చు. చావొచ్చు.

సరిచూశారు. నొక్కుతున్నారు. ఒక మూల దిగడంలేదు. నొక్కకండి! ఒక కాలు మడతపడుతోంది. తీయండి. పట్టకారుతో నిలబెట్టండి. ఒక్కసారే. మళ్లీ మళ్లీ వంచితే విరుగుతుంది. మళ్లీ పెట్టండి. రెండు బొటనవేళ్లూ. సమంగా. దిగింది.

వైరు పెట్టి, బ్లింక్ ప్రోగ్రాము ఎక్కించండి. ఎక్కకపోతే కంగారొద్దు. బూట్‌లోడర్, అంటే యూఎస్‌బీ నుంచి వచ్చే ప్రోగ్రామును అందుకునే చిన్న ప్రోగ్రాము, లేని ఖాళీ చిప్ అయ్యుండొచ్చు. ఇంకో ఆర్డుయినో ఉంటే, 6 పిన్నుల హెడర్ ద్వారా బూట్‌లోడర్ వేసుకోవచ్చు. ఎక్కిందా? 13వ పిన్ లైటు వెలిగి ఆరుతోంది.

ఊనోలో ఎస్ఎండీ రకం కూడా అమ్ముతారు. అందులో ఇదే చిప్ చిన్న చదరంగా, టంకంతో అతికి ఉంటుంది. మార్చాలంటే వేడిగాలి పరికరమూ, అలవాటైన చెయ్యీ కావాలి. మోటార్లు, రిలేలతో పని నేర్చుకుంటున్నారా? సాకెట్ ఉన్న బోర్డే అడిగి తీసుకోండి. బూట్‌లోడర్ వేసిన చిప్ ఒకటి అదనంగా కొని దగ్గరుంచుకోండి.