తుపాకీ కాని ఆయుధాలు: ఇంగ్లీషు పేర్ల చరిత్ర

కత్తి, బాకు, ఈటె, గద, గండ్రగొడ్డలి, విల్లంబులు. మందుగుండుతో పని లేని ఇలాంటి ఆయుధాలన్నిటినీ కలిపి చెప్పడానికి ఇంగ్లీషులో అందరూ ఒప్పుకున్న ఒకే మాట లేదు. సైనికులది ఒక మాట, మ్యూజియం వాళ్లది ఒకటి, చట్టం రాసినవారిది మరొకటి. తుపాకులు వచ్చేదాకా ఇలాంటి మాట అవసరమే పడలేదు. ఇంగ్లీషులో ‘ఫైర్ ఆర్మ్’ అనే పదం 17వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చాక, మిగిలినవాటిని ఏమనాలన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నకు జవాబు వెతికిన చోట్లలో మద్రాసు ఒకటి.

ముందు అసలు ఆయుధమంటే ఏమిటో చూడాలి. మద్రాసుకు ఉత్తరాన, ఎన్నూరు దగ్గర కొసస్థలై నది సముద్రంలో కలుస్తుంది. దాని పరీవాహకంలోని అత్తిరంపాక్కంలో 1863 సెప్టెంబరులో భూగర్భ సర్వే అధికారులు రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ చెక్కిన రాతి పనిముట్లను గుర్తించారు. అంతకు ముందే, అదే ఏడాది మే 30న పల్లావరంలో ఫుట్‌కు అలాంటిదే ఒకటి దొరికింది. భారతదేశ ప్రాచీన శిలాయుగ అధ్యయనం అక్కడే మొదలైంది. అత్తిరంపాక్కం పనిముట్లలో అతి పాతవి సుమారు 15 లక్షల ఏళ్లనాటివని శాంతి పప్పు బృందం 2011లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. ఇంగ్లీషులో వీటిలో ముఖ్యమైనదాన్ని ‘హ్యాండ్ యాక్స్’ అంటారు. పేరులో గొడ్డలి ఉన్నా దీనికి పిడి లేదు. దీనితో మాంసం కోశారు, కర్ర చెక్కారు, నేల తవ్వారు. ఎవరి మీదైనా ఎత్తారో లేదో రాయి చెప్పదు. తెలుగులో మనం చటుక్కున ‘శిలాయుధం’ అనేస్తాం గానీ, ‘రాతి పనిముట్టు’ అనడమే నిజానికి దగ్గర. పనిముట్టు ఎక్కడ ఆగి ఆయుధం ఎక్కడ మొదలవుతుందన్న ఈ చిక్కే తర్వాతి పేర్లన్నిటినీ వెంటాడింది.

మన పాత శాస్త్రాలు ఆయుధాలను నిప్పును బట్టి విడదీయలేదు, చేతిని బట్టి విడదీశాయి. చేతినుంచి వదిలేది ముక్తం, చేతిలోనే ఉండేది అముక్తం. వైశంపాయనుడి పేర ఉన్న ‘నీతిప్రకాశిక’ వీటికి ముక్తాముక్తం, మంత్రముక్తం చేర్చి నాలుగు తరగతులు చెప్పింది. ఈ గ్రంథాన్ని ఇంగ్లీషు పాఠకులకు పరిచయం చేసినవాడు గుస్తావ్ ఓపర్ట్. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుడు, ప్రభుత్వానికి తెలుగు అనువాదకుడు కూడా. ప్రాచీన హిందువుల ఆయుధాలపై ఆయన పుస్తకం 1880లో వెలువడింది. ముక్తాల జాబితాలోని ‘నాలిక’ను తుపాకీగా భావించి, ప్రాచీన భారతంలోనే మందుగుండు ఉండేదని ఆయన వాదించాడు. తర్వాతి పండితులు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. అయినా ఆ పుస్తకం విలువైనదే. అముక్తాల జాబితాలో పరశువు, గద, కుంతంతో పాటు కొడవలి, రోకలి, నాగలి కూడా ఉన్నాయని అందులో చూడవచ్చు. పొలంలోదైనా వంటింట్లోదైనా యుద్ధానికి పనికొచ్చేదాన్ని నీతిప్రకాశిక కర్త నిస్సంకోచంగా ఆయుధాల్లో చేర్చాడు.

ఆంగ్ల చట్టం అంత నిస్సంకోచంగా ఉండలేకపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన మలబారులో మాప్పిళ్ల ముస్లింల తిరుగుబాట్లను అణచడానికి 1854 నాటి 24వ చట్టం ఒక రకం కత్తిని నిషేధించింది. మామూలు కత్తులు ప్రతి ఇంట్లో ఉంటాయి కనుక నిషేధించిన కత్తికి ‘వార్ నైఫ్’ అని వేరే పేరు కావలసి వచ్చింది. ఆ పేరు మీద కలెక్టరు హెచ్.వి. కానలీ ఊరూరా తిరిగి 1855 జనవరి చివరికి ఏడున్నర వేలకు పైగా కత్తులు పోగుచేయించాడు. ఆ సెప్టెంబరులోనే ఆయన హత్యకు గురయ్యాడు.

వైస్రాయి లిట్టన్ కాలపు 1878 ఆయుధాల చట్టం నిర్వచనం జోలికి పోకుండా జాబితా ఇచ్చింది: తుపాకులు, బాయ్‌నెట్లు, కత్తులు, బాకులు, ఈటెలు, ఈటె మొనలు, విల్లంబులు. స్వతంత్ర భారతం 1959లో చేసిన చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. దాడికో రక్షణకో ఆయుధంగా రూపొందించినది, లేదా అందుకు అనువుగా మార్చినది ఆయుధం అని అది తేల్చింది. కేవలం ఇంటికో వ్యవసాయానికో ఉద్దేశించిన వస్తువులను, లాఠీని, మామూలు చేతికర్రను మినహాయించింది. 2016 దాకా అమల్లో ఉన్న 1962 నియమావళి అయిదో తరగతికి పెట్టిన పేరు ‘ఆర్మ్స్ అదర్ దేన్ ఫైర్ ఆర్మ్స్’. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో రెండు అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న అలుగు అందులోకి వచ్చేది. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి వచ్చేవి కావు. కాబట్టి ఎన్నూరు జాలరి చేపలు కోసే కత్తి, అక్కడి కర్మాగారంలోని ఇనుప కడ్డీ ఆ తరగతిలో లేవు. కానీ అదే కడ్డీతో మనిషిని కొడితే, 2024 దాకా అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతి దాన్ని ‘డేంజరస్ వెపన్’ అనగలిగేది, ఎందుకంటే అక్కడ ప్రశ్న వస్తువు ఎందుకు తయారైందని కాదు, ప్రాణం తీయగలదా అని. రాయి ప్రాణాంతక ఆయుధమా అన్న ప్రశ్న 2005లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, అది వస్తువు పరిమాణం, పదును వంటి వివరాలను బట్టి ఉంటుందని కోర్టు చెప్పింది.

సైనికుల మాటల్లో ‘కోల్డ్ స్టీల్’ కత్తికీ బాయ్‌నెట్‌కూ సరిపోతుంది, చెక్క గదకు సరిపోదు. అలుగు మెరుపును బట్టి ఫ్రెంచివారు పెట్టుకున్న ‘ఆర్మ్ బ్లాంష్’ను ఇంగ్లీషువారు అరువు తెచ్చుకున్నారు. బోయర్ యుద్ధం తర్వాత అశ్వికదళానికి కత్తి ఉండాలా అనే వాదంలో ఆ మాట బాగా వినిపించింది, 1910లో ఎర్‌స్కిన్ చైల్డర్స్ రాసిన పుస్తకం పేరులోనూ ఉంది. నడుముకు వేలాడే ‘సైడ్ ఆర్మ్స్’లోకి తర్వాత పిస్తోలు కూడా చేరడంతో ఆ మాట మన పనికి రాకుండా పోయింది. 1970ల నుంచి ఆటలు వ్యాప్తిచేసిన ‘మెలే వెపన్స్’ చేతిలో పట్టి పోరాడేవాటికే చెల్లుతుంది. విల్లంబులకు అందులో చోటు లేదు.

మ్యూజియంల పేర్లలో తప్పులు మరింత మొండివి. విల్‌బ్రహామ్ ఎగర్టన్ భారతీయ ఆయుధాల చేతిపుస్తకం, ఓపర్ట్ పుస్తకంలాగే, 1880లో వచ్చింది. పిడికిట్లో అడ్డంగా పట్టి గుద్దే బాకును నేడు ప్రపంచమంతా ‘కటార్’ అంటోంది. దాని అసలు పేరు జమధార్ అనీ, ఎగర్టన్ పొరపాటే పుస్తకం నుంచి పుస్తకానికి పాకిందనీ ఆయుధాల చరిత్రకారుడు జి.ఎన్. పంత్ వాదించాడు. తంజావూరు ఆయుధాగారం నుంచి వచ్చిన అలాంటి బాకులు మద్రాసు ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి.

తెలుగు నేర వార్తలు ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు మరో పొరపాటు జరుగుతోంది. రాయలసీమ వేటకొడవలిని కొందరు ‘హంటింగ్ సికిల్’ అని రాస్తున్నారు. జాతరలో వేట వేయడం అంటే పొట్టేలునో మేకనో బలి ఇవ్వడమని సీమ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. దీనికీ అడవి వేటకూ సంబంధం లేదు. వేటకొడవలిని అలాగే ఇంగ్లీషు లిపిలో రాసి, బరువైన వంపు అలుగు కత్తి అని పక్కన ఒక ముక్క చేర్చడమే సరైన పద్ధతి.

అన్నిటినీ కలిపి చెప్పాల్సివస్తే 1962 నియమావళి మాటే ఎంచుకోదగ్గది. అందం లేకపోయినా దానికి బయట గద మిగిలిపోదు, విల్లు మిగిలిపోదు. పదునున్నవాటికే పరిమితమైతే ‘ఎడ్జ్‌డ్ వెపన్స్’, పొడుగు కర్రకు మొన బిగించినవైతే ‘పోల్ ఆర్మ్స్’ అనవచ్చు. ఆయుధానికి సొంత పేరు తెలిసినప్పుడు మాత్రం ఆ పేరే ముందు రాయాలి.