సెప్టెంబరు 17: ఊరికో పేరు

1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు, మినార్లు చూసి కొత్తవాళ్లు ఇప్పటికీ కాసేపు ఆగుతారు. నిజాం రైల్వే మీటర్ గేజి బండ్లు ఒకప్పుడు ఇక్కడినుంచే నిజామాబాద్, నాందేడ్, జాల్నా, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ వైపు పోయేవి. సెప్టెంబరు 17న ఆ లైను పట్టుకుని వెళ్లి చూడండి. నాందేడ్‌లో అది మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. రాయచూరు బండెక్కితే కల్యాణ కర్ణాటక ఉత్సవం. బండెక్కకుండా కాచిగూడలోనే ఉండిపోతే మాత్రం, మనం ఎవరిని అడిగామన్నదాన్ని బట్టి విమోచనం, విలీనం, సమైక్యత, విద్రోహం.

సంగతి ఒక్కటే. 1948 సెప్టెంబరు 13, సోమవారం నాడు భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. పాకిస్తాన్‌లో జిన్నా పోయి అప్పటికి రెండు రోజులు. శుక్రవారం, 17న, ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. కాల్పుల విరమణ సంగతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రేడియోలో చెప్పారు. అయితే నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయింది ఆ మర్నాడు, 18న. భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా ఇచ్చింది ఇంకా ఆలస్యంగా, 1949 నవంబరు 23న. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టులు విరమించింది 1951 అక్టోబరులో. అంటే 17 అన్నది ఈ వరసలో ఒక మజిలీ మాత్రమే. కానీ జనం చెవిన పడ్డది రేడియో మాట కనక ఆ తేదీయే నిలిచింది.

ఇంకో ముచ్చట. ఆ రోజున సంస్థానం కచేరీల్లో కాగితాల మీద ఉన్నది ఫసలీ సంవత్సరం 1357. పల్లెలో బ్రాహ్మడు పంచాంగం చూసి చెప్పేది భాద్రపద శుద్ధ చతుర్దశి. 'సెప్టెంబరు 17' అనే లెక్క ఆ రాజ్యంలో చాలామందికి రోజువారీ అవసరం కాదు. తిథి ప్రకారం ఆనాడు అనంత చతుర్దశి. పందొమ్మిదేళ్లకోసారి తిథీ తేదీ దాదాపుగా కలుస్తాయి గనక, నాలుగు ఆవృత్తాల తర్వాత 2024లో మళ్లీ సెప్టెంబరు 17నే అనంత చతుర్దశి వచ్చింది. ఆ రోజు నగరంలో గణేశ నిమజ్జనం, ప్రభుత్వ ప్రజాపాలన దినోత్సవం ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

కాచిగూడ దాటిన ఎంఎంటీఎస్ బండికి తర్వాతి స్టేషన్లు విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజి. 1948 తేడా అందరికంటే ముందు చేతికి తగిలింది ఈ క్యాంపస్‌కే అనిపిస్తుంది. 1919లో ఉర్దూ మాధ్యమంగా తరగతులు మొదలుపెట్టిన ఉస్మానియా, సైనిక చర్య తర్వాత ఇంగ్లీషుకు మళ్లింది. వైద్యం, ఇంజినీరింగు కూడా ఉర్దూలో చెప్పడానికి ఏళ్ల తరబడి తయారుచేసిన పరిభాష బీరువాల పాలైంది. దానికి పదేళ్ల ముందు, 1938లో, హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు ఇదే విశ్వవిద్యాలయం విద్యార్థుల్ని వెళ్లగొట్టింది, వాళ్లలో పి.వి. నరసింహారావు వంటివారు నాగపూర్ పోయి చదువుకున్నారు. ఆ పిల్లల వైపునుంచి చూస్తే విమోచనం అన్న మాటకు బలముంది. మరోవైపు, సైనిక చర్య తర్వాత పండిట్ సుందర్‌లాల్ బృందం మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా ప్రాంతాలు తిరిగి, కనీసం 27 వేలనుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని రాసింది. వారిలో ఎక్కువమంది ముస్లింలు. ఆ లెక్క తెలిసినవాడు ఈ రోజున బాణసంచా కాల్చడానికి జంకుతాడు. రెండూ నిజాలే గనక ఒక్క పేరు దీనికి చాలదని నా అభిప్రాయం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఈ రోజును అధికారికంగా జరపలేదు. మహారాష్ట్ర మాత్రం జెండా ఎగరేసేది. తెలంగాణ రాష్ట్రం వచ్చాకా వాయిదా పడుతూ వచ్చి, 2022లో ఒకే ఉదయం రెండు సభలు జరిగాయి. పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం, పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం విమోచన దినం. మరుసటేడు అదే తేదీన తుక్కుగూడలో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలు ప్రకటించింది. 2024 మార్చిలో కేంద్రం హైదరాబాద్ విమోచన దినమంటూ గెజిట్‌లో ప్రకటించింది. ఆ సెప్టెంబరుకే రాష్ట్రం ప్రజాపాలన దినోత్సవం అంది.

పుట్టినరోజులు వేరే దారిన వచ్చి ఇదే తేదీలో కలిశాయి. 1879లో ఈరోడ్‌లో పెరియార్. తమిళనాడు 2021నుంచి ఆ రోజును సామాజిక న్యాయ దినంగా పాటిస్తోంది. 1950లో వడ్‌నగర్‌లో నరేంద్ర మోదీ. దేవుడి విగ్రహాలు పగలగొట్టినాయన, రామాలయంలో ప్రాణప్రతిష్ఠ చేసినాయన ఒకే తేదీ పంచుకున్నారు. కాకపోతే మన వైపు సర్టిఫికెట్ పుట్టినరోజు వేరు, అసలుది వేరు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వయసు సరిపెట్టి వేసిన తేదీతోనే తార్నాకలో ఎందరో ప్రొఫెసర్లు రిటైరయ్యారు. జన్మదినాల పట్టికలు చదివేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవడం మంచిది.

మూడో పుట్టినరోజు ఎం.ఎఫ్. హుసేన్‌ది, 1915, పంఢర్‌పూర్. ఈయనకు హైదరాబాద్‌తో ఉన్నది ఉత్త తేదీ చుట్టరికం కాదు. సోషలిస్టు నాయకుడు రాంమనోహర్ లోహియా సలహాతో రామాయణ, మహాభారత చిత్రాలకు పూనుకున్నప్పుడు ఆశ్రయమిచ్చింది ఈ నగరపు బద్రీవిశాల్ పిత్తీ, హిందీ పత్రిక 'కల్పన' నడిపినాయన. ఒక ముస్లిం చిత్రకారుడు పాత నిజాం రాజధానిలో కూర్చుని రాముడి కథను పదుల కొద్దీ కాన్వాసుల మీద గీశాడు. బంజారాహిల్స్‌లో 'సినిమా ఘర్' కట్టుకున్నదీ ఆయనే. దేవతల బొమ్మల మీద కేసులు, బెదిరింపులు పెరిగి దేశం విడిచిపోయి, 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకుని, 2011 జూన్‌లో లండన్‌లో పోయాడు. సెప్టెంబరు 17 ఉదయం నగరంలో లేచే వేదికల్లో ఒక్కదాని మీదా ఆయన ఫొటో కనపడదు.