తిమింగలానికి సమాధి కట్టిన ఊరు

పంచశీలాల్లో మొదటిది ప్రాణహింసకు దూరంగా ఉంటానన్న ప్రతిజ్ఞ. వందన జరిగిన ప్రతిసారీ మనం దాన్ని పాళీలో పలుకుతాం. మరి వల వేసి బతికేవాడు ఆ మాట ఏ నోటితో పలకాలి? చంపడమే జీవనాధారమైన ఊరు బుద్ధుణ్ణి ఎలా శరణు వేడాలి? జపాన్‌లో ఒక చిన్న తీరపు ఊరు ఈ ప్రశ్నను మూడు వందల ఏళ్ళకు పైగా మోస్తూ వస్తోంది. ఆ ఊరి చరిత్ర మనం తెలుసుకోదగ్గది.

జపాన్‌లోని పెద్ద దీవి హోన్షు. దాని పశ్చిమ కొసన యమగుచి ప్రాంతం, అందులో జపాన్ సముద్రం వైపు నగాతో పట్టణం ఉన్నాయి. నగాతోకు రేవు సెన్జాకి. రేవుకు ఎదురుగా సుమారు 40 కిలోమీటర్ల చుట్టుకొలత గల ఓమిజిమా దీవి కనిపిస్తుంది. అలల కోతకు నిలువుగా చీలిన కొండరాళ్ళు, సముద్రపు గుహలు చూడటానికి యాత్రికులు పడవలెక్కి ఆ దీవిని చుట్టివస్తారు. ఆ దీవి తూర్పు కొసన ఉన్న జాలరి ఊరే కయోయి.

చలికాలంలో తిమింగలాలు ఉత్తరపు చల్లని నీళ్ళు వదిలి ఈ తీరం వెంట దక్షిణానికి వెళ్ళేవి. కొన్ని అఖాతంలోకి వచ్చేవి. 1670ల నుంచి కయోయి జాలరులు జట్లు కట్టి, పడవలతో వాటిని వలల్లోకి తరిమి, ఈటెలతో పొడిచి చంపేవారు. మాంసం తిండికి, నూనె దీపాలకు, వరి చేలలో పురుగు మందుకు పనికివచ్చేది. ఎముకలనూ వదిలేవారు కాదు. ఒక్క తిమింగలం చిక్కితే ఏడు రేవులు బాగుపడతాయని ఆ తీరాల్లో సామెత.

చంపిన ఆడ తిమింగలాలను కోసినప్పుడు కొన్నిసార్లు కడుపులో పిల్ల కనిపించేది. ఊరి మనసును కలచివేసింది అదే. అక్కడి కోగన్‌జి జోదో శాఖకు చెందిన ఆలయం. అందులో పెద్దగా ఉండి విశ్రాంతి తీసుకున్న సన్యో అనే భిక్షువు 1679లో తిమింగలాల కోసం ప్రార్థనలు మొదలుపెట్టాడు. 1692లో ఆయన మాట మీద వేట జట్టు పెద్దలే సమాధి రాయి నిలిపారు. రాతి మీద అమితాభ బుద్ధుని నామం చెక్కించారు. పుట్టకుండానే పోయిన 70కి పైగా పిల్లలను ఆ చోట పూడ్చిపెట్టారు. 1935లో జపాన్ ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది.

అంతటితో ఆగలేదు. జపాన్ ఆలయాల్లో చనిపోయిన మనిషికి ధమ్మ నామం ఒకటి ఇచ్చి మృతుల పుస్తకంలో రాస్తారు. కోగన్‌జిలో తిమింగలాలకూ అలాంటి పుస్తకం ఉంది. చనిపోయిన తిమింగలానికి మనిషికి ఇచ్చినట్టే పేరు పెట్టి అందులో రాశారు. ఏటా వసంతంలో వాటి కోసం ప్రార్థన జరుగుతుంది. ఊరి తిమింగలం పాట పాడేటప్పుడు చప్పట్లు కొట్టరు, అరచేతులు రుద్దుకుంటారు. చంపిన ప్రాణి ముందు చప్పట్లు తగవని వారి భావన.

ఇది ఆత్మవంచన కాదా అని మనలో కొందరు అడగవచ్చు. అడగాల్సిందే. ప్రార్థన వల్ల వేట ఆగలేదు. సముద్రంలో తిమింగలాలు తగ్గిపోయి, 20వ శతాబ్దం తొలినాళ్ళకు ఆ వలల వేట ముగిసింది. అయితే బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో అహింసను గుడ్డి నియమంగా కాక సూత్రంగా చూడమన్నారు. చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని విడదీశారు. కయోయి జాలరులు ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో తమను తామే అడుగుతూ బతికారని మేము అనుకుంటున్నాం. ముఖ్యమైన సంగతి మరొకటుంది. వేటాడిన చేతులే సమాధి కట్టాయి. మన దేశంలో చచ్చిన గొడ్డును మోసే పని కొందరి నెత్తిన రుద్ది, ఆ తోలుతో చెప్పులు తొడుక్కున్నవారే వాళ్ళను అంటరానివాళ్ళన్నారు.

జపాన్‌కూ ఆ మచ్చ లేకపోలేదు. తోలు పని, పశువుల వధ చేసే కుటుంబాలను అక్కడ తరతరాలు వెలివేశారు. నేడు వారిని బురాకుమిన్ అంటున్నాం. 1871లో చట్టం వారిని సమానులని ప్రకటించింది. అయినా పలు శాఖల ఆలయాలు వారి సమాధుల మీద పశువు, దాసుడు అనే అర్థం వచ్చే అక్షరాలతో పేర్లు చెక్కించిన సంగతి తర్వాత బయటపడింది. 1979లో ఒక ప్రపంచ మత సదస్సులో సోతో శాఖ పెద్ద అలాంటి వివక్షే లేదన్నారు. బురాకుమిన్ ఉద్యమం ఊరుకోలేదు. 1984లో అదే సదస్సు మరోసారి జరిగినప్పుడు ఆయన క్షమాపణ చెప్పారు. ఆ శాఖ పాత పుస్తకాలు, సమాధులు సరిదిద్దే పనికి పూనుకుంది. ఒక దేశంలోనే, ఒక ధమ్మం పేరుతోనే, ఒకచోట తిమింగలానికి మనిషి పేరు దక్కింది, మరోచోట మనిషికి పశువు పేరు దక్కింది. కరుణ ఆచారంగా మిగిలితే చాలదు, సమానత్వం తోడు కావాలని ఈ రెండు పేర్లూ మనకు చెబుతున్నాయి.

ఆ కరుణకు గొంతునిచ్చిన కవయిత్రి కనెకో మిసుజు. 1903లో సెన్జాకిలో పుట్టి, పుస్తకాల దుకాణం నడిపే ఇంట పెరిగింది. పిల్లల కోసం 512 కవితలు రాసింది. చేపలు విరివిగా పడిన రోజు ఒడ్డున జరిగే సంబరాన్నీ, నీటి అడుగున మిగిలిన దుఃఖాన్నీ ఒకే చిన్న కవితలో చూపింది. తిమింగలాల ప్రార్థన గురించీ రాసింది. కష్టాల కాపురంలో నలిగి 1930లో 26 ఏళ్ళకే కన్నుమూసింది. లోకం ఆమెను మరచిపోయింది. యజాకి సెత్సువో అనే రచయిత ఏళ్ళ తరబడి వెతికి 1982లో ఆమె నోటు పుస్తకాలు కనుగొన్నాడు. 1984లో అవి అచ్చయ్యాయి.

నేడు సెన్జాకి బతుకు చేపలు, కమబొకో మీద సాగుతోంది. కమబొకో అంటే చేప మాంసాన్ని మెత్తగా నూరి, చిన్న చెక్కపలక మీద అద్ది చేసే వంటకం. ఇక్కడ పలక అడుగునుంచి సెగ తగిలేలా నిదానంగా కాలుస్తారు, పైభాగం మాడదు. వాడేసిన ఆ పలకలను పేర్చి ఊరివాళ్ళు మిసుజు బొమ్మలు కూర్చారు. ఆమె పేరున్న వీధిలో ఇళ్ళ ముందు కవితలు వేలాడుతుంటాయి. పుస్తకాల దుకాణం ఉన్న చోట 2003లో స్మారక భవనం వెలిసింది. కయోయిలో తిమింగలాల మ్యూజియం ఉంది. వేసవి ఉత్సవంలో బొమ్మ తిమింగలాన్ని అఖాతంలోకి దింపి పాత వేటను ఆడి చూపిస్తారు.

తిన్న తిండి ఎవరి ప్రాణమో, ఎవరి చెమటో మరవకపోవడం ఆ ఊరు నిలుపుకున్న శీలం. మొదటి శీలం పలికేటప్పుడు మనమూ ఆ రెంటినీ తలచుకుందాం.