ఇంటిపేరుకి గడి లేదు

నేటాల్‌కి వెళ్ళిన ఓడల జాబితాల్లో మనిషికో వరస. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు. ఎక్కడ మచ్చ ఉందో, ఎక్కడ దెబ్బ తగిలిన గుర్తుందో చూసి మరీ రాసుకున్నారు. ఇంటిపేరు మాత్రం అడగలేదు. దానికి అసలు గడే లేదు.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అప్పట్నుంచి 1911 వరకు ఒప్పందం కూలీలుగా నేటాల్‌కి వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడెక్కినవాళ్ళే. తమిళులతో పాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు వెళ్ళారు. వాళ్ళ మునిమనవలు, ఆ తర్వాతి తరాలవాళ్ళు ఇవాళ ఆ జాబితాల్లో తమ మనిషి కోసం వెతుక్కుంటున్నారు. చాలామందికి దొరకడు. కాగితం లేక కాదు. కాగితం మీద ఉన్న మనిషి వాళ్ళు పిలిచే పేరుతో లేడు.

మొదటి చిక్కు మన పేర్ల తీరులోనే ఉంది. తెలుగువాడికి ఇంటిపేరు ముందొస్తుంది. ఊళ్ళో పదిమంది అప్పలసామిలుంటే వాళ్ళని విడదీసేది అదే. మద్రాసు డిపోలో కూర్చున్న గుమాస్తాకి అది అక్కర్లేదు. అతనికి కావలసింది ఒక పేరు, ఒక తండ్రి పేరు. అవతలి గట్టుకెళ్ళాక అక్కడి దొరతనానికి చివరి పేరు కావాల్సొచ్చింది. దాంతో తండ్రి పేరో, తాత పేరో, కులం తోకో ఇంటిపేరయి కూర్చుంది. డర్బన్‌లో ఇవాళ అప్పలరాజు, అప్పలసామి అనేవి ఇంటిపేర్లు. నాయుడు చివర ఇంగ్లీషులో రెండు ‘ఓ’లు తగిలించుకుని ‘నైడూ’ అయ్యాడు. నాయుడు అన్నది చాలా కులాలవాళ్ళు పెట్టుకునే తోక. దాన్ని పట్టుకుని వెనక్కి నడిస్తే ఒక ఇల్లు దొరకదు, ఒక జనసముద్రం దొరుకుతుంది.

రెండోది చెవి. చెప్పేవాడిది తెలుగు, వినేవాడిది తరచుగా తమిళం, రాసేది ఇంగ్లీషు. ‘వెంకటస్వామి’ తమిళ చెవిలో పడితే ‘వెంగడసామి’. ఇంగ్లీషు స్పెల్లింగులో ‘క’ ఒకచోట ‘సి’, ఒకచోట ‘కె’. ‘సామి’కి రకరకాల స్పెల్లింగులు. మారిషస్‌లో ఫ్రెంచి వాసన కూడా తోడయింది. అందుకని ఈ జాబితాలు కళ్ళతో చదివితే లాభం లేదు. పైకి చదవాలి. చదివి, మన ఊళ్ళో ఎవర్నన్నా అలా పిలుస్తారా అని చెవిని అడగాలి.

మారిషస్‌లో పుట్టి ఫ్రెంచిలో రాసే నవలాకారిణి నతాషా అప్పనా పేరు పైకి అనండి. ఆమె మొదటి నవల 2003లో వచ్చింది. కథ ఆ ద్వీపానికి వెళ్ళిన ఒప్పందం కూలీలదే. ఆ ఇంటిపేరు చివర ఫ్రెంచి పుస్తకాల అట్టల మీద ఒక ‘హెచ్’ కనిపిస్తుంది. మన చెవికి మాత్రం అది ‘అప్పన్న’.

పేరు ఇలా అరిగిపోయినా ఒక్కోసారి ఊరి దారి చెబుతుంది. అప్పన్న, అప్పలరాజు, అప్పలసామి, అప్పలమ్మ అని వినబడితే సింహాచలం వైపు చూడాలి. పైడయ్య, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి గుర్తురావాలి. పెంచలయ్య అంటే నెల్లూరు వైపు పెంచలకోన, కోటయ్య అంటే కోటప్పకొండ. ఇది రుజువు కాదు. కానీ ఏ జిల్లా జాబితా ముందు తియ్యాలో తెలుస్తుంది.

జిల్లా దగ్గర మూడో చిక్కు. మాది శ్రీకాకుళం అని ఇంట్లో చెప్పుకున్నవాళ్ళు జాబితాలో శ్రీకాకుళం జిల్లా వెతికితే ఎప్పటికీ దొరకదు. ఆ జిల్లా పుట్టింది 1950లో. ఓడలు వెళ్ళిన రోజుల్లో ఆ ఊరు గంజాం జిల్లాలో ఉండేది, ఇంగ్లీషు కాగితాల్లో దాని పేరు చికాకోల్. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అంటే నేటాల్ ఓడలు ఆగిపోయిన ఏడాది. అంతకు ముందు వెళ్ళిన చిత్తూరువాడు కాగితం మీద ఉత్తర ఆర్కాటువాడు. ఆ జిల్లా పేరు చూసి తమ పెద్దలు తమిళులే అనుకున్న కుటుంబాలుంటే ఆశ్చర్యం లేదు. పాత ఇంగ్లీషు కాగితాల్లో ‘జెంటూ’ అని కనిపిస్తే మాత్రం ఆగాలి. మద్రాసు దొరలు తెలుగువాళ్ళని పిలిచిన మాట అది.

ఆడవాళ్ళని వెతకడం ఇంకా కష్టం. అమ్మ అన్న తోకతో ముగిసే పేర్లు వరసగా వందలు. ఓడెక్కినప్పుడు తన పేరుతో, తండ్రి పేరుతో ఉన్న మనిషి పెళ్ళయ్యాక భర్త కాగితాల్లోకి వెళ్ళిపోతుంది. 1913లో కేప్ కోర్టులో జడ్జి సర్ల్ ఇచ్చిన తీర్పుతో, క్రైస్తవ పద్ధతిలో కాని పెళ్ళిళ్ళు చట్టం ముందు చెల్లకుండా పోయాయి. అంటే అన్నాళ్ళు కాపురం చేసినావిడ కాగితం ప్రకారం ఎవరికీ భార్య కాదు. గాంధీ సత్యాగ్రహంలోకి ఆడవాళ్ళు కదిలి రావడానికి ఆ తీర్పు ఒక పెద్ద కారణం. తర్వాతి ఏడాది వచ్చిన చట్టం దాన్ని కొంత సరిచేసింది. మధ్యలో జారిపోయిన పేర్లని ఏ చట్టమూ తిరిగి తేలేదు.

మరి దొరికేవాళ్ళకి ఎలా దొరుకుతోంది? చాలాసార్లు నంబరుతో. పేరు పదిరకాలుగా మారినా వలస నంబరు మారదు. పెళ్ళి రిజిస్టర్లోనో మరణ పత్రంలోనో ఆ అంకెలు కనబడితే అక్కణ్ణించి ఓడకి, ఓడ నుంచి ఊరికి వెళ్ళొచ్చు. నంబరు లేకపోతే పక్క వరసలు చూడాలి. ఒకే ఊరివాళ్ళు, అన్నదమ్ములు, మొగుడూపెళ్ళాలు జాబితాలో తరచు పక్కపక్కనే ఉంటారు. మారిషస్ కాగితాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 1860ల నుంచి కూలీల ఫోటోలు కూడా తీసి పెట్టారు. పేరు చెప్పలేని సంగతి ముక్కో నుదురో చెప్పిన సందర్భాలుంటాయి.

ఇంతవరకు గుమాస్తానే తప్పు పట్టాం. కానీ అందరి పేర్లూ అతనే చెడగొట్టాడా?

ఈ జాబితాల్లో ‘డు’తో ముగిసే పేర్లు కనిపిస్తాయి. రాముడు, అప్పడు, ఎర్రడు. గారు లేదు, అయ్య లేదు. ఊళ్ళో అందరూ అతన్ని పిలిచిన పిలుపు అది. ఎవరికి ‘గాడు’, ఎవరికి ‘గారు’ అన్నది మన ఊళ్ళు పుట్టుకతోనే తేల్చేవి. అలాంటి మనిషి సముద్రం దాటాడు. ఓడలో కులమేదో చూసి వండే వంటశాల లేదు, తోటలో నీళ్ళకి వేరే బావి లేదు. ఒప్పందం అయిపోయాక పిల్లాణ్ణి రిజిస్టరు చేయించేటప్పుడు అతను తన పేరు చివర అయ్య అనో, నాయుడు అనో చెప్పి ఉంటే? అది దొర్లిన తప్పు కాదు. ఆ మనిషి తనకి తాను పెట్టుకున్న పేరు.

అందుకని నూటయాభై ఏళ్ళ తర్వాత మనవడొచ్చి, మా అసలు ఇంటిపేరేంటి, మా అసలు కులమేంటి అని అడుగుతుంటే నాకు కొంచెం భయమేస్తుంది. ఆ జిజ్ఞాస న్యాయమైనదే. తోటల్లో అంకెగా బతికిన మనిషికి ఊరూ పేరూ తిరిగివ్వాలనుకోవడం కంటే మంచి పనేముంది? కానీ ఆ ముసలాయన దాటొచ్చిన గీతని మనం మళ్ళీ గీస్తున్నామేమో ఒకసారి చూసుకోవాలి.

జాబితాలో రెండు పేర్లు పక్కపక్కన పెట్టండి. ఓడెక్కిన రోజు ఎవరో రాసింది ఒకటి, కొడుకు పుట్టిన రోజు అతను రాయించింది ఒకటి. రెండూ కలవకపోతే మనిషి దొరకలేదని ఫైలు మూసెయ్యకండి. ఆ తేడా దగ్గరే అతను నిలబడి ఉండొచ్చు.