నది పేరే ఊరి పేరు (తెలుగు ప్రాంతాల్లో)

నదికీ దాని ఒడ్డునున్న ఊరికీ ఒకే పేరుండటం ఐరోపాలో మామూలే. జర్మనీలో ఫుల్డా, ఎస్టోనియాలో నార్వా అలాంటివే. రష్యన్లయితే మాస్కోనూ దాని నదినీ మాస్క్వా అనే అంటారు. తెలుగునాట పెద్ద నదులకిది పట్టదు. కృష్ణ, గోదావరి జిల్లాలకు పేరిచ్చాయి. ఈ తరహా పేర్లు ఎక్కువగా ఉపనదుల వెంట కనిపిస్తాయి.

హైదరాబాద్‌లో బర్కత్‌పురకు దక్షిణాన చాదర్‌ఘాట్ మీదుగా పారే మూసీకి ఆలేరు వాగు ఉపనది. అదే పేరున్న ఆలేరు పట్టణం యాదాద్రి భువనగిరి జిల్లాలో, సికింద్రాబాద్–కాజీపేట రైలుమార్గంలో ఉంది. ఖమ్మం జిల్లాలో పాలేరు, వైరా ఉన్నాయి. రెండూ ఏళ్లే, ఊళ్లే, జలాశయాలే, పైగా శాసనసభ నియోజకవర్గాలు కూడా! పాలేరు జలాశయం నాగార్జునసాగర్ ఎడమ కాలువకు బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. వైరా నది మున్నేరులో కలుస్తుంది. నిర్మల్ జిల్లా కడెం కూడా ఏరే, ఊరే, జలాశయమే.

ఆలేరు, పాలేరు, సీలేరు చివర ‘ఏరు’ ఉంది గనుక ముందు నీటికే పేరు పడి, తర్వాత ఊరికి అంటిందనుకోవడం సబబు. సీలేరు గ్రామం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అక్కడి ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 240 మెగావాట్లు.

పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. నల్లగొండ జిల్లా డిండి ఊరు కృష్ణా ఉపనది డిండి మీద ఉంటే, కోనసీమ డిండి వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంది. ఇండోనేషియాలోని పాలెంబాంగ్ నగరం గుండా పారే నది పేరు కూడా మూసీయే.