గట్టు దాటితే నేరమా?

పక్క పొలం ఆసామి మీ గట్టు దాటి వచ్చాడనుకోండి. అది నేరమేనా? అన్నివేళలా కాదు.

1837లో మెకాలే అధ్యక్షతన లా కమిషన్ తయారుచేసిన ముసాయిదా, 1860లో భారత శిక్షాస్మృతిగా చట్టమై, 1862 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానానికి అది చేరింది 1963లోనే.

ఆ చట్టం 441వ సెక్షన్ ఉద్దేశాన్ని చూసింది. నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవారిని బెదిరించాలనో, అవమానించాలనో, వేధించాలనో వస్తేనే, లేదా వచ్చి కదలకుండా కూర్చుంటేనే నేరం.

శిక్ష? పొలంలో చొరబడితే మూడు నెలల వరకు ఖైదు, 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంట్లోకైతే ఏడాది, 1000 రూపాయలు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ఖైదును మార్చలేదు. జరిమానా హద్దును రెంటికీ 5000 చేసింది.

ఒక్క మాట మరవకండి. ఈ చట్టం కాపాడేది పట్టాను కాదు, స్వాధీనాన్ని. ఇల్లు మీదే కావచ్చు. అద్దెకున్నవారిని బెదిరించడానికి లోపలికి దూరితే నేరం మీదే. హక్కు తేల్చేది సివిల్ కోర్టు. సరిహద్దుకు ఇటైనా, అటైనా న్యాయం ఇదే.